పదకొండో ఛానెల్‌లో ఎవరో ఉన్నారు

తలుపు తీయగానే అతను కెవ్వుమన్నాడు.

ఎదురుగా నిలువెత్తు నల్ల రెయిన్‌కోటు. తలమీద ముసుగు. ముసుగు లోపల ముఖానికి అడ్డంగా అతుక్కుపోయిన తడి జుట్టు. దాని కొసల నుంచి నీళ్ళు గుమ్మంలో టప్ టప్‌మని పడుతున్నాయి. వెనక మెట్ల దగ్గర లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి, వెలగాలో వద్దో తేల్చుకోలేక కొట్టుకుంటోంది.

"ఇంటర్నెట్ కంప్లైంట్ ఇచ్చింది మీరేనా?" అంది ఆ ఆకారం.

గొంతు మామూలు ఆడపిల్ల గొంతే. అతని గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇలాగేనా రావడం? బెల్ కొట్టి రావచ్చుగా!"

"బెల్ కొడితేనే కదండీ మీరు తలుపు తీసింది."

అతను తలుపు పూర్తిగా తీసి పక్కకి తప్పుకున్నాడు. ఆమె రెయిన్‌కోటు విప్పి గుమ్మం బయటే తగిలించి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని లోపలికి వచ్చింది. ముసుగు తీశాక చూస్తే దయ్యం పోలికలేం లేవు. చామనఛాయ, కోటేరేసిన ముక్కు, నవ్వు ఆపుకుంటున్న పెదవులు. ఇందాకటి కేకని గుర్తు చేసుకుంటోందని అతనికి తెలుస్తూనే ఉంది.

హాల్లో గోడకి ఒక పోస్టరు ఉంది. చీకట్లో గడ్డం కింద నుంచి లైటు పడుతున్న అతని ముఖం, దాని కింద ఎర్ర అక్షరాలతో కార్యక్రమం పేరు. ఆమె పోస్టరుని చూసింది. అతన్ని చూసింది. మళ్ళీ పోస్టరుని చూసింది.

"నెట్‌లో దయ్యాల కథలు చెప్పేది మీరేనా?"

"అవును."

"మరి ఇందాక కెవ్వుమన్నదెవరు?"

"గొంతు సవరించుకున్నాను."

ఆమె ఇక ఆపుకోలేక నవ్వేసింది. నవ్వుతూనే టేబుల్ మీద రౌటర్ దగ్గరికి వెళ్ళి వైర్లు లాగి చూసింది. అతను కష్టాలు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. వాన మొదలయ్యాక ఫోన్ టవర్ పనిచేయడం మానేసింది, ఈ చుట్టుపక్కల ఎవరికీ కాల్ కలవట్లేదు. దిక్కున్నది ఈ వైఫై ఒక్కటే. అదీ నిన్న సాయంత్రం లైవ్ కథ మధ్యలో నట్టేట ముంచింది. అప్పటి నుంచి ఒక్క మెసేజూ రావట్లేదు, పోవట్లేదు. పొద్దున తడుస్తూ ఆఫీసుకి నడిచి వెళ్ళి కంప్లైంట్ రాసివ్వాల్సి వచ్చింది.

"తెలుసు. నేనూ చూస్తున్నాను" అందామె, తల తిప్పకుండానే. "ఆ పిల్ల బావిలోకి తొంగిచూడగానే ఆగిపోయింది. రాత్రంతా నిద్ర లేదు నాకు. బావిలో ఏముందో చెప్పండి ముందు."

తన కథల కోసం ఒక మనిషి నిద్ర మానుకుంటుందని వినగానే అతనికి కంప్లైంట్ సంగతి మర్చిపోవాలనిపించింది.

"అన్నిటికంటే ఆ చప్పుడు మాత్రం భలే పెట్టారండీ" అందామె. "ఎవరో పైనుంచి పిడికిలితో తలుపు గుద్దుతున్నట్టు... ధన్ ధన్‌మని. ఆగి, మళ్ళీ ధన్ ధన్‌మని. కామెంట్లలో అందరూ అదే రాశారు, చూశారా?"

అతని నవ్వు మాయమైంది.

"నేనే చప్పుడూ పెట్టలేదు."

"ఊరుకోండి."

"నిజంగా. నాకూ వినపడింది. చెవుల్లో హెడ్‌ఫోన్లు ఉన్నాయి కదా, మెట్ల మీద ఎవరో ఏదో దింపుతున్నారేమో అనుకున్నాను. లైవ్ ఆగిపోయాక విన్నాను... పై నుంచే." అతను సీలింగ్ వైపు చూశాడు. "కానీ పైన ఎవరూ లేరు. మా పెద్దమ్మ ఫ్లాట్ అది. నిన్న పొద్దున్నే మా అమ్మ దగ్గరికి ఊరెళ్ళింది. సూట్‌కేసు నేనే కిందకి దింపి టాక్సీ ఎక్కించాను."

"పైకెళ్ళి చూశారా మరి?"

అతను చూపు దించుకున్నాడు. "దుప్పటి కప్పుకుని పడుకున్నాను" అన్నాడు.

ఈసారి ఆమె నవ్వలేదు. బయట వాన గాలికి వాలి కిటికీ అద్దాన్ని కొట్టింది. ఇద్దరూ ఒక్కసారే అటు చూసి, ఒక్కసారే తల తిప్పుకున్నారు.

"ఎలకలై ఉంటాయి లెండి" అందామె, తనకి తనే చెప్పుకుంటున్నట్టుగా. "రండి, మీ జబ్బేంటో చూపిస్తాను."

సోఫాలో కూర్చుని ఫోన్‌లో వైఫై అనలైజర్ తెరిచింది. తెర మీద రంగురంగుల కొండలు లేచాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, తోసుకుంటూ, నడుమ ఒక్కచోట కుప్పపడి ఉన్నాయి.

"ఒక్కో కొండ ఒక్కో ఇంటి వైఫై. చూశారా, బిల్డింగ్ మొత్తం ఆరో ఛానెల్ మీదే కూర్చుంది. ఒకే గదిలో పదిమంది ఒకేసారి అరుస్తుంటే ఎవరి మాట ఎవరికి అర్థమవుతుంది? మీ లైన్ బాగానే ఉంది. మీ రౌటర్ ఈ గోలలో కొట్టుకుపోతోంది, అంతే."

"మరి ఏం చెయ్యాలి?"

"గోల తక్కువున్న ఛానెల్‌కి మారాలి. ఒకటి, ఆరు, పదకొండు, ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం రావు. ఇదిగో, ఒకటో ఛానెల్‌లో దూరంగా ఎవరివో రెండు మూడు చిన్న కొండలున్నాయి. పదకొండులో అయితే ఒక్కటే ఉంది. ఒక్కటే గానీ..." ఆమె కనుబొమలు ముడిచింది. "ఎంత గట్టిగా ఉందో చూడండి. మీ నెత్తిమీదే ఉన్నట్టుంది."

కొండ మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు పేరు. అతను వంగి చదివాడు. 'ఎవరైనా ఉన్నారా.'

"ఓ, ఇది పెద్దమ్మదే!" అతనికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. "పేరు మార్చడం నేనే నేర్పాను. అప్పటి నుంచి అదో ఆట ఆవిడకి. పక్క ఫ్లాట్ వాళ్ళ మీద కోపమొస్తే 'మీ కుక్కని కట్టేయండి' అని పెడుతుంది. నేను లేటుగా లేస్తే 'లేవరా సన్నాసీ' అని పెడుతుంది. రేడియోలో వార్తలు చదివి రిటైరైన మనిషి. ఊరందరికీ ఏదో ఒకటి చెప్పకపోతే తోచదు. ఇప్పుడు ఊరెళుతున్నానని నెట్ కనెక్షన్ ఆపించేసింది. రౌటర్ స్విచ్ మాత్రం ఆపకుండా..."

మధ్యలో ఆగిపోయాడు.

"ఏమైంది?"

"మెయిన్ స్విచ్ నేనే ఆపాను. ఆవిడతో పాటు దిగేటప్పుడు."

ఇద్దరూ తెరని చూశారు. వాళ్ళు చూస్తూ ఉండగానే పదకొండో ఛానెల్ మీది కొండ మెల్లగా కుంగింది. నేలలోకి ఇంకిపోయినట్టు పూర్తిగా మాయమైంది. అక్కడ ఖాళీ చోటు మిగిలింది. తర్వాత అదే చోట, అదే రంగులో, మళ్ళీ లేచింది.

ఈసారి దాని పేరు 'నేను లోపల.'

అతను సోఫా ఆ చివరికి జరిగాడు. ఆమె లేచి నిలబడింది. భయం ముందుగా కోపంగా మారింది ఆమెలోనే.

"బాగుందండీ మీ వరస! తలుపు చప్పుడు, ఖాళీ ఫ్లాట్, ఇప్పుడిది. పైన ఫ్రెండ్ ఎవరో కూర్చుని పేర్లు మారుస్తున్నాడు, మీరు ఇక్కడ కెమెరా పెట్టి నా ముఖం తీస్తున్నారు. రేపు లైవ్‌లో వేసుకుంటారు. అంతేనా?"

"నేనా? నా ముఖం చూసి మాట్లాడండి! పనిముట్లు మీవి, యాప్ మీది, ఫోన్ మీది. కథ మధ్యలో ఆపేశానని నా మీద కసి తీర్చుకుంటున్నది మీరు!"

"నాకు పనీపాటా లేదనుకున్నారా?"

"నాకుందా కెమెరా? చూపించండి ఎక్కడుందో!"

ఆమె ముఖం ముడుచుకుని రౌటర్ ముందు కూర్చుని, చకచకా ఏవో నొక్కి, ఆరు తీసి ఒకటి పెట్టింది. "మార్చాను. ఇక మీ కథలు మీరు చెప్పుకోండి" అని సంచీ అందుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

అప్పుడు మోగింది అతని ఫోన్. టింగ్. మళ్ళీ టింగ్. నిన్నటి నుంచి ఎక్కడెక్కడో ఆగిపోయిన మెసేజ్‌లన్నీ దారి దొరికి ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. అన్నీ అమ్మ దగ్గర నుంచే. అతను ఆఖరిది నొక్కాడు. అమ్మ గొంతు హాలంతా వినిపించింది.

"ఒరేయ్, అక్క ఇంకా రాలేదేంట్రా? నిన్న సాయంత్రానికి దిగాలిగా. ఫోన్ చేస్తే కలవట్లేదు. నీదీ కలవట్లేదు. వానకి రైళ్ళు రద్దయ్యాయని టీవీలో చెబుతున్నారు, వెనక్కి గానీ వచ్చేసిందా? షుగర్ మనిషి, వేళకి తినకపోతే పడిపోతుంది. వినగానే చెప్పరా నాన్నా."

ఆమె గుమ్మంలో ఆగిపోయింది. రెయిన్‌కోటు వైపు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇంకో చేతిలో అనలైజర్ ఇంకా తెరిచే ఉంది. పదకొండో ఛానెల్ మీద కొండ మళ్ళీ కుంగి, మళ్ళీ లేచింది.

ఆమె అతని దగ్గరికి వచ్చి తెర చూపించింది.

'రా నాన్నా.'

అతను ఒక్క ఉదుటున లేచాడు. మొక్కలకి నీళ్ళు పొయ్యమని పెద్దమ్మ ఇచ్చిన తాళంచెవి మేకుకి వేలాడుతోంది. దాన్ని లాక్కుని మెట్లెక్కాడు. రెండేసి మెట్లు. వెనకే ఆమె, భుజం మీద సంచీలో పనిముట్లు గలగలమంటుండగా.

పై అంతస్తులో ఆ లైటు కూడా లేదు. తాళం తిప్పుతుంటే అతని వేళ్ళు జారాయి. ఆమె ఫోన్ వెలుగు పట్టింది. ఆమె రెండో చెయ్యి తన చొక్కా చేతిని గట్టిగా పట్టుకుని ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

తలుపు తెరుచుకుంది. తెరలన్నీ వేసి ఉన్నాయి. పట్టపగలు ఆ హాలు బావి అడుగులా ఉంది. గుమ్మం పక్కన తడి చెప్పులు. వాటి పక్కన నిన్న అతను టాక్సీలో పెట్టిన సూట్‌కేసు. దానికి ఆనించి తెరిచిన గొడుగు, కింద ఎండీ ఎండని నీటి మరక. మూలన రౌటర్ పచ్చ లైటు మాత్రం, చీకట్లో పిల్లి కన్నులా, మూస్తూ తెరుస్తూ వాళ్ళనే చూస్తోంది.

"పెద్దమ్మా!"

జవాబు లేదు. ఇల్లంతా ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది. వంటింట్లో లేదు. పడకగదిలో మంచం మీద దుప్పటి మడత నలగలేదు.

"పేర్లు మారుస్తున్నారంటే రౌటర్‌కి దగ్గర్లోనే ఉండాలి" అందామె గుసగుసగా. "ఈ ఇంట్లో ఇంకో గది ఉందా?"

ఉంది. వసారా చివర, ఒకప్పుడు సామాన్ల కొట్టు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని పిల్లల పాఠాలు రికార్డు చేయడానికి పెద్దమ్మ దాన్ని స్టూడియోగా మార్పించింది. గోడలనిండా స్పాంజి. అరచెయ్యంత మందం తలుపు. లోపల ఎంత అరిచినా బయటికి వినపడకూడదనే అలా కట్టించింది. గుద్దిన అదురు మాత్రం గోడల వెంట కిందికి దిగుతుంది.

అతను ఆ తలుపుకి చెవి ఆనించాడు. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత, చెక్కకి అవతలి వైపు, చాలా కిందగా, గోటితో గీస్తున్న చప్పుడు.

అతను వెనక్కి తగ్గలేదు. పిడి పట్టుకుని తిప్పాడు. అది ఊరికే గిర్రున తిరిగింది. తలుపు కదల్లేదు. భుజంతో తోశాడు. వానకి ఉబ్బిన చెక్క చట్రంలో బిగుసుకుపోయి ఉంది.

"ఆగండి. లోపల గడియ తిప్పే ఇరుసు జారిపోయింది" అంటూ ఆమె మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూలు విప్పింది. పిడి ఊడొచ్చింది. ఆ కన్నంలో పట్టకారు దూర్చి దేన్నో పట్టుకుని మెలిపెట్టింది. "నేను తిప్పగానే తొయ్యండి. ఇప్పుడు!"

అతను ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాడు. తలుపు మూలిగి, తెరుచుకుంది.

ఉక్క, చెమట వాసన ముఖానికి కొట్టాయి. నేల మీద గోడకి చేరగిలబడి పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోన్. దాని వెలుగు కింది నుంచి ముఖం మీద పడుతోంది. జుట్టు విడిపోయి ఉంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఒకప్పుడు ఇంటింటా వార్తలు వినిపించిన ఆ గొంతు అరిచి అరిచి ఆరిపోయింది.

అతను కూలబడి ఆవిడని ఒడిసిపట్టుకున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నెట్ అమ్మాయి వంటింట్లోకి పరిగెత్తి షుగర్ పడిపోయి ఉంటుందని నీళ్ళలో పంచదార కలిపి తెచ్చి, చెంచాతో కొంచెం కొంచెంగా తాగించింది. తర్వాత కింద అంతస్తు డాక్టరుని పిలుచుకురావడానికి మళ్ళీ పరిగెత్తింది.

నాలుగు గుక్కలు దిగాక పెద్దమ్మకి మాట పెగిలింది. ఊపిరి మాత్రమే ఉన్న మాట.

"రైలు లేదని తిరిగొచ్చి, మైకు మీదకి వాన నీళ్ళు కారుతున్నాయేమోనని ఈ గదిలోకి వచ్చాన్రా. తలుపు పడిపోయింది. పిడి చేతికొచ్చింది." ఆగి ఊపిరి తీసుకుంది. "నిన్నటి నుంచి పేర్లు మార్చి మార్చి పెట్టాను. బిల్డింగ్‌లో ఒక్కరూ చూడలేదు. ఇంతకీ ఎవర్రా ఆ పిల్ల?"

ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. లోపల పెద్దమ్మకి సెలైన్ ఎక్కుతోంది, భయం లేదన్నారు. అమ్మ బస్సులో బయల్దేరింది. అద్దాల మీద వాన జారుతోంది.

"నిన్ననే పైకి వెళ్ళి ఉంటే..." అన్నాడతను.

"అవును. వెళ్ళాల్సింది" అందామె.

ఓదార్చకపోవడం అతనికి ఎందుకో నచ్చింది. ఆమే మళ్ళీ అంది. "ఇవాళ మాత్రం ముందు మెట్లెక్కింది మీరే. నాకు కాళ్ళు రాలేదు. మీ చొక్కా పట్టుకుని వచ్చాను, అంతే."

"చిరిగింది" అన్నాడు, చెయ్యి చూపిస్తూ.

"కుట్టిస్తాలెండి. ఇంతకీ మిమ్మల్ని అనుమానించాను. ఏమీ అనుకోకండి."

"నేనూ అనుమానించానుగా."

ఆమె వెళ్ళిపోయింది. ఇక పని లేదు కాబట్టి మళ్ళీ రాదనుకున్నాడు. కానీ మర్నాడు అతను ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆమె పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని కమలాపండు వలుస్తోంది. ఆ తర్వాత రోజూ అంతే. ఇంటికి వచ్చాక కూడా అంతే. డ్యూటీ అయ్యాక వచ్చి, పెద్దమ్మతో గుసగుసలాడి, ఇతన్ని చూసి ఏదో ఒక చురక వేసి వెళ్ళేది. బావిలో ఏముందో మాత్రం రోజూ అడిగేది. ఆ కథ పూర్తి చేస్తే ఆమె రావడం మానేస్తుందేమోనని అతను రోజూ దాటవేసేవాడు.

లైవ్‌లో వేలమంది ముందు తడబడని నోరు ఆమె ముందు పెగిలేది కాదు. దయ్యాలంటే భయం కొంత తగ్గింది గానీ, ఈ భయం రోజురోజుకీ పెరుగుతోంది.

ఒకరోజు సాయంత్రం పెద్దమ్మ ఇద్దరినీ భోజనానికి పిలిచింది. గొంతు తిరిగొచ్చింది గానీ మునుపటిలా లేదు, గరుకుగా, లోతుగా, కంచు మీద ఇసుక రాసినట్టుంది. వడ్డన మొదలుకాక ముందే పెద్ద ఉరుము ఉరిమింది. కరెంటు పోయింది.

"కదలకండి, కొవ్వొత్తి తెస్తాను" అన్న మాట వినపడింది. ఎవరన్నారో ఉరుములో తెలియలేదు. అడుగులు వంటింట్లోకి వెళ్ళాయి. హాల్లో చిక్కటి చీకటి. అతని ఎదుటి కుర్చీ కిర్రుమంది. అందులో ఎవరో కూర్చున్నారు. ఊపిరి వినిపిస్తోంది.

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకున్నాడు. ముఖం కనపడకపోతే నోరు పెగులుతుంది.

"నేనొకటి చెప్పాలి. మధ్యలో నవ్వొద్దు. నువ్వు మెట్ల మీద నా చొక్కా పట్టుకున్నావే, అప్పటి నుంచి ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టుంది నాకు. నువ్వొచ్చే వేళకి తలుపు దగ్గరే తచ్చాడుతున్నాను. నువ్వు రాని రోజు ఈ ఇల్లే నాకు భయమేస్తోంది. నాకు... నువ్వంటే ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?"

చీకట్లో ఎదుటి కుర్చీ మళ్ళీ కిర్రుమంది. తర్వాత లోతుగా, గరుకుగా, నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు.

"నాకేం అభ్యంతరం లేదు నాన్నా. కానీ నేను మీ పెద్దమ్మని."

అతను మళ్ళీ కెవ్వుమన్నాడు.

వంటింటి గుమ్మంలో వెలుగు కదిలింది. కొవ్వొత్తి పట్టుకుని ఆమె నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఈసారి ఆమె నవ్వడం లేదు.

"సగం నుంచే విన్నాను" అందామె. "మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

పెద్దమ్మ కుర్చీలోంచి లేచి, వచ్చి ఆమె చేతిలోంచి కొవ్వొత్తి అందుకుంది. ఇద్దరి తలల మీదా చెరో చెయ్యీ వేసి ఒకసారి నిమిరింది.

"గట్టిగా చెప్పరా. మీ అమ్మకి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేస్తున్నాను" అంటూ ఆవిడ కొవ్వొత్తితో సహా లోపలికి వెళ్ళిపోయింది.

హాలు మళ్ళీ చీకటైంది. అతను ఆమె చెయ్యి వెతికి పట్టుకుని, మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.